సెట్టర్ కూడా కొట్టాలి: ఎప్పుడు, ఎంత, ఎవరితో చెప్పి

5–1 పద్ధతిలో ఆడే టీమ్‌కు సెట్టర్ ఒక్కరే. ఆరు రొటేషన్లలో మూడింట మీరు ముందు వరుసలో ఉంటారు. ఆ మూడింట మీ యూనివర్సల్ వెనక వరుసకు వెళ్లిపోతాడు కాబట్టి నెట్ దగ్గర కొట్టడానికి మిగిలేది ఒక మిడిల్, ఒక అవుట్‌సైడ్. అవతల బ్లాక్‌కు మాత్రం ముగ్గురు ఉంటారు. చాలా టీమ్‌లు వరసగా నాలుగైదు పాయింట్లు పోగొట్టుకునేది ఈ రొటేషన్లలోనే. కోచ్ టైమ్‌అవుట్ తీసుకుని స్పైకర్‌ను తిడతాడు. కానీ ప్రతి బంతికీ ఎదురుగా నాలుగు చేతులు లేస్తుంటే ఆ స్పైకర్ చేయగలిగింది తక్కువే. అవతలి మిడిల్ బ్లాకర్‌ను నెట్ మధ్యలో ఇంకో అర క్షణం ఆపి ఉంచడం స్పైకర్ చేతిలో లేదు. అది మీ పని.

అందుకే సెట్టర్ రెండో టచ్‌లోనే బంతిని అవతలి కోర్టులో వేయగలగాలి. డంప్ అనండి, డ్రాప్ అనండి, పని అదే. డిపార్ట్‌మెంట్ టీమ్‌లో, యూనివర్సిటీ టీమ్‌లో, లీగ్ స్క్వాడ్‌లో ఆడుతూ వచ్చే సీజన్‌కూ లిస్టులో పేరు ఉండాలనుకునే సెట్టర్ల కోసం ఇది రాస్తున్నాను. బెంచి మీద కూర్చున్న రెండో సెట్టర్ కూడా అదే కోరుకుంటున్నాడన్నది మీకు తెలిసిందే.

అసలు విషయం ముందే చెప్తాను. డంప్‌ను పాయింట్ తెచ్చే షాట్‌గా మాత్రమే చూసే సెట్టర్ ఎక్కువ కాలం నిలవడు. నాలుగు పాయింట్లు వస్తాయి, చప్పట్లు వస్తాయి, ఐదోసారికి అవతల లిబరో అక్కడే నిలబడి ఉంటాడు. డంప్ విలువ దాని తర్వాత వచ్చే బంతుల్లో ఉంది. బంతి మీ చేతుల్లోకి వస్తున్నప్పుడు అవతలి మిడిల్ బ్లాకర్ మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: మీ మిడిల్ క్విక్‌కు లేస్తున్నాడా, బంతి చివరికి పోతోందా, సెట్టర్ తనే వేస్తాడా. మూడో ప్రశ్న లేదని తేలిపోతే అతను చివరికి ఒక అడుగు ముందే బయల్దేరతాడు, మీ అవుట్‌సైడ్ ముందు డబుల్ బ్లాక్ మూసుకుపోతుంది. ఆ ప్రశ్న ఉంటే ఆలస్యంగా బయల్దేరతాడు, ఇద్దరు బ్లాకర్ల మధ్య సందు మిగులుతుంది. వెనక డిఫెండర్లదీ అదే కథ. వాళ్లు ముందు ముందుకొచ్చి నిలబడి సెట్టర్‌ను చూసి, డంప్ లేదని తేలాక తమ తమ చోట్లకు వెనక్కు జరుగుతారు. మీరు మొదటి సెట్‌లోనే ఒకటి వేసి చూపిస్తే ఆ జరగడం ఆలస్యమవుతుంది. మీ స్పైకర్ క్రాస్ కొట్టే చోట మనిషి ఇంకా చేరుకోలేదంటే కారణం మీరే. స్కోర్‌షీట్‌లో అది మీ పేరున రాదు. దానికి అలవాటు పడాలి.

రూల్ దగ్గర పోయే పాయింట్లు

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

1, 6, 5 స్థానాల్లో ఉన్నప్పుడు మీరు వెనక వరుస ఆటగాడు. అప్పుడు త్రీ మీటర్ లైన్‌కు ముందు ఉండి, బంతి మొత్తం నెట్ పై అంచుకన్నా ఎత్తులో ఉండగా తాకి అవతలికి పంపితే ఫాల్ట్. బంతిలో కొంత భాగమైనా నెట్ అంచుకన్నా కింద ఉండగా తాకితే ఫాల్ట్ కాదు. నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. లైన్ వెనక నుంచి ఎగిరితే ఎంత ఎత్తులోనైనా కొట్టొచ్చు, కాకపోతే ఎగిరే క్షణంలో కాలు లైన్‌ను తాకకూడదు.

ఇందులో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. మీరు ఏం చేయాలనుకున్నారన్నది రిఫరీ చూడడు. వెనక వరుసలో ఉన్న మీరు 1వ స్థానం నుంచి పరిగెత్తుకొచ్చారు, పాస్ నెట్‌కు మరీ దగ్గరగా వచ్చింది, మీరు ఎగిరి ఒంటి చేత్తో వెనక్కి లాగబోయారు, బంతి నెట్ మీదికి జారి అవతలి బ్లాకర్ చేతికి తగిలింది. మీరు సెట్ చేయబోయారు నిజమే. అయినా అటాక్ పూర్తయినట్టే లెక్క, పాయింట్ అవతలికి పోతుంది. ఇంకో రకం: మీ వాళ్ల పాస్ నేరుగా నెట్ మీదికి వచ్చింది, మీరు అలవాటుగా చేతులెత్తారు, అవతలి మిడిల్ దాన్ని మీ చేతుల్లోకే కొట్టాడు. వెనక వరుస ఆటగాడు నెట్ పైన బ్లాక్ చేసినట్టు అయింది. అదీ ఫాల్టే. బ్లాక్ చేయాలని మీరు అనుకోలేదన్న వాదన నడవదు.

వెనక వరుసలో ఉన్నప్పుడు నెట్‌కు అంటుకున్న బంతి వస్తే మీకు రెండు దారులున్నాయి. ముందు వరుసలో ఉన్న మిడిల్‌ను గట్టిగా పిలిచి అతనికి వదిలేయడం ఒకటి. కాళ్లు నేల మీదే ఉంచి, బంతి కిందికి దిగేదాకా ఆగి, రెండు చేతులతో అవతలి లోతు మూలకు నెట్టడం రెండోది. మగవాళ్ల నెట్ దగ్గర సగటు ఎత్తున్న సెట్టర్ నిలబడి తాకే బంతి సాధారణంగా పూర్తిగా అంచు పైన ఉండదు కాబట్టి ఇది నడుస్తుంది. ఆడవాళ్ల నెట్ దగ్గర ఎత్తున్న సెట్టర్లు జాగ్రత్తగా ఉండాలి. నిలబడే ఫాల్ట్ చేసే వీలుంది. ఏది చేస్తారో మ్యాచ్ ముందే తేల్చుకోండి, గాలిలో ఉండి ఆలోచిస్తే రెండూ చెడతాయి.

ఊళ్లలో సంక్రాంతి టోర్నమెంట్లు ఆడి పైకొచ్చినవాళ్లకు ఇది ఇంకా కష్టం. రొటేషన్ పెద్దగా పట్టించుకోని ఆటల్లో సెట్టర్ ఎప్పుడూ నెట్ దగ్గరే ఉంటాడు, ఎప్పుడు పడితే అప్పుడు వేస్తాడు. ఆ చురుకుదనం మంచిదే. కానీ రూల్ ప్రకారం ఆడే మ్యాచ్‌లో ప్రతి సర్వీస్‌కు ముందు "నేను ముందా, వెనకా" అని మీకు మీరే ఒక మాట అనుకోవాలి. అవతలి టీమ్ ఎలాగూ "సెట్టర్ ఫ్రంట్", "సెట్టర్ బ్యాక్" అని అరుస్తూనే ఉంటుంది. వాళ్లకు గుర్తున్నది మీకు గుర్తులేకపోతే ఎలా?

ముందు వరుసలో ఉన్నా స్వేచ్ఛ మొత్తం లేదు. బంతిని మీ వైపు ఉండగానే తాకాలి. తాకాక చేయి అవతలికి వెళ్లినా ఫర్వాలేదు, అవతలికి దాటిన బంతిని వెంటాడి తాకితే ఫాల్ట్. ఇక బంతిని కొట్టాలి గానీ మోయకూడదు. అరచేతిలో బంతిని పట్టి పక్కకు తిప్పి వదిలే డంప్ కాలేజీ మ్యాచ్‌లలో చెల్లిపోతుంది. పై స్థాయి రిఫరీ ఊరుకోడు. వేళ్ల మెత్తటి భాగంతో చిన్నగా, గట్టిగా తాకడం నేర్చుకోవాలి. బీచ్ వాలీబాల్ కూడా ఆడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: అక్కడ వేళ్లు విప్పి ఒంటి చేత్తో డంప్ వేయడమే ఫాల్ట్. రెండు చేతుల సెట్‌తో అవతలికి పంపాలన్నా భుజాల రేఖకు నిలువు దిశలోనే పంపాలి. వారం మధ్యలో ఇసుకలో, ఆదివారం ఇండోర్‌లో ఆడేవాళ్లు ఈ తేడా మరిస్తే రెండు చోట్లా నష్టపోతారు.

దిగేటప్పుడు కాలు ఎక్కడ పడుతుందో కూడా చూసుకోండి. డంప్ వేసేటప్పుడు ఒళ్లు నెట్ వైపు వాలుతుంది, సెట్టర్ ఒంటి కాలి మీద సెంటర్ లైన్ పైన దిగుతాడు. కింద అవతలి బ్లాకర్ పాదం ఉంటుంది. చీలమండ తిరిగితే వారాల తరబడి ఆట ఉండదు, ఆ లోపు రెండో సెట్టర్ కుదురుకుంటాడు. రెండు కాళ్ల మీద, మీ వైపే దిగడం ప్రాక్టీస్‌లోనే పట్టుపడాలి.

పట్టుబడేది మీ ఒంటి వల్లే

అవతలి టీమ్ డంప్‌ను పసిగట్టేది ఎక్కువగా మిమ్మల్ని చూసి. సెట్‌కు ఎగరని మనిషి డంప్‌కు మాత్రం ఎగురుతాడు. పాస్ వస్తుండగా కళ్లు ఒక్కసారి అవతలి కోర్టులోకి పోతాయి. కుడి చేయి కిందికి దిగి ఎడమ చేయి ఒక్కటే పైకి లేస్తుంది. నడుము నెట్ వైపు తిరుగుతుంది. ఇవన్నీ అవతలి కోచ్ రాసుకుంటాడు. లీగ్ స్థాయిలో, పెద్ద డిపార్ట్‌మెంట్ టోర్నమెంట్లలో ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కూ వీడియో ఉంటుంది. మీ గురించి మీకన్నా వాళ్లకే ఎక్కువ తెలిసే రోజులివి.

మందు ఒకటే. నెట్ దగ్గరికి వచ్చిన ప్రతి మంచి పాస్‌నూ ఎగిరే సెట్ చేయండి, కొట్టేది మీరైనా ఇంకొకరైనా. రెండు చేతులూ ఒకే ఎత్తుకు లేవాలి, చివరి క్షణంలో ఒక చేయి తప్పుకోవాలి. అవతలి కోర్టును చూడాల్సింది పాస్ గాలిలోకి లేవకముందు, సర్వీస్ పడుతున్నప్పుడే. డిఫెండర్లు ఎక్కడ నిలబడ్డారో అప్పుడే చూసి గుర్తు పెట్టుకుంటే బంతి వచ్చాక చూడాల్సిన పని ఉండదు. ఎగిరి సెట్ చేయడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది: క్విక్ బంతి త్వరగా వెళ్తుంది. అంటే డంప్ కోసం చేసే ప్రాక్టీస్ మీ అసలు పనికీ పనికొస్తుంది.

చేతుల విషయం. 4వ స్థానం వైపు ముఖం పెట్టి నిలబడితే మీ కుడి భుజం నెట్‌కు దగ్గర, ఎడమ భుజం దూరం. కుడి చేత్తో కొట్టడానికి నెట్ పక్కన చోటు ఉండదు, ఒళ్లంతా తిప్పాలి, తిప్పగానే బ్లాకర్‌కు తెలిసిపోతుంది. ఎడమ చేతికి చోటు ఉంటుంది. అందుకే ఎడమ చేతి వాటం ఉన్న సెట్టర్‌ను కోచ్‌లు ఇష్టంగా చూస్తారు. అతను డంప్‌తో సరిపెట్టకుండా రెండో బంతినే పూర్తిగా స్మాష్ చేయగలడు. కుడి చేతి వాటం వాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు, ఎడమ చేత్తో మెత్తగా తాకి పంపే పని నేర్చుకుంటే చాలు. రోజూ సెట్టింగ్ డ్రిల్ అయ్యాక ఎడమ చేత్తో గోడకు కొన్ని నిమిషాలు, ఆ తర్వాత నెట్ దగ్గర కొన్ని నిమిషాలు. నెల రోజుల్లో చేయి మాట వింటుంది.

బంతి ఎక్కడ వేయాలి? అందరూ మొదట నేర్చుకునేది మిడిల్ బ్లాకర్ వెనక, త్రీ మీటర్ లైన్ లోపల. అది మొదటిసారి పనిచేస్తుంది. రెండోసారికి అవతలి డిఫెండర్లు ఒక అడుగు ముందుకు వస్తారు. అప్పుడు వేయాల్సింది వెనక మూలల్లోకి, రెండు చేతులతో, చదునుగా. మీ వీపు వెనక, సైడ్‌లైన్ పక్కన పడే బంతి ఇంకా కష్టమైనది, కానీ దాన్ని కాపాడే మనిషి దాదాపు ఉండడు. అవతలి సెట్టర్ వెనక వరుసలో ఉంటే బంతిని అతని మీదికే వేయడం ఇంకో తెలివైన పని. పాయింట్ రాకపోయినా మొదటి టచ్ అతనిదే అయింది కాబట్టి రెండో బంతిని వేరేవాళ్లు సెట్ చేయాలి. అక్కడి నుంచి వాళ్ల అటాక్ సాదాసీదాగానే వస్తుంది, మీ బ్లాక్ రెడీగా ఉంటుంది.

పొట్టిగా ఉన్నవాళ్లు ఈ పని తమది కాదనుకుంటారు. జపాన్ సెట్టర్ యోషియే తకెషితా ఎత్తు 159 సెంటీమీటర్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జపాన్ మహిళలు కాంస్యం గెలిచినప్పుడు సెట్టర్ ఆమే. ఎత్తు లేనివాళ్లకు నేల మీద నుంచి రెండు చేతులతో వెనక మూలకు నెట్టే బంతి ఉంది, దానికి ఎగరాల్సిన అవసరం కూడా లేదు. ఎత్తున్నవాళ్లకు మాత్రం తప్పించుకునే సాకు లేదు. 2022 ప్రపంచ చాంపియన్‌షిప్‌ను ఇటలీ గెలిచినప్పుడు టోర్నమెంట్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడి అవార్డు దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న సెట్టర్ సిమోనె జానెల్లికి వచ్చింది. బాగా సెట్ చేసే రెండు మీటర్ల మనిషి బ్లాక్‌లోనూ రెండో బంతిలోనూ పాయింట్లు తెస్తాడని పెద్ద టీమ్‌లు ముందే లెక్కలో వేసుకుంటాయి.

లెక్క రాయండి

మీ డంప్ పనిచేస్తోందా లేదా అన్నది మీ మనసును అడిగితే సరైన జవాబు రాదు. పడిన బంతులు గుర్తుంటాయి, పోయినవి మరిచిపోతారు. నోట్‌బుక్ పెట్టుకోండి.

ఉదాహరణకు ఒక టోర్నమెంట్‌లో మీరు 20 సార్లు డంప్ వేశారనుకుందాం. 9 నేరుగా పాయింట్లు. 4 తప్పులు, అంటే నెట్‌లోకి పోయినవి, రిఫరీ విజిల్ వేసినవి, బ్లాక్ అయినవి. మిగతా 7 అవతలివాళ్లు లేపారు. మామూలుగా అటాక్‌ను లెక్కించినట్టే పాయింట్లలోంచి తప్పులు తీసేసి ప్రయత్నాలతో భాగిస్తే 25 శాతం. చాలామంది ఇక్కడ ఆగి, మా అవుట్‌సైడ్‌ది కూడా అంతే కదా అనుకుని తృప్తి పడతారు. ఆ పోలిక తప్పు. మీ అవుట్‌సైడ్ చెడ్డ పాస్ మీద, డబుల్ బ్లాక్ మీద కూడా కొడుతున్నాడు. మీరు మాత్రం చక్కటి పాస్ వచ్చినప్పుడే డంప్ వేస్తున్నారు. కాబట్టి పోల్చాల్సింది చక్కటి పాస్ మీద స్పైకర్లు సాధించిన ఫలితంతో. అవే 20 చక్కటి పాస్‌ల మీద మీ మిడిల్, అవుట్‌సైడ్ కలిసి 12 పాయింట్లు తెచ్చి 3 తప్పులు చేసి ఉంటే అది 45 శాతం. అంటే మీ డంప్ టీమ్‌కు నష్టమే తెస్తోంది, పైకి లాభంలా కనిపిస్తున్నా.

ఆ నష్టం పూడాలంటే డంప్ తర్వాత మీ స్పైకర్ల ముందు బ్లాక్ పల్చబడాలి. అదీ రాసుకోవచ్చు. బెంచి మీద ఉన్న జూనియర్‌ను ఒకరిని కూర్చోబెట్టి, మీరు ముందు వరుసలో ఉన్న రొటేషన్లలో స్పైకర్ ఎదుట ఒక బ్లాకరా, ఇద్దరా, ముగ్గురా అన్నది మాత్రమే గీతలు గీయమనండి. డంప్ చూపించక ముందు, చూపించిన తర్వాత వేర్వేరుగా. తేడా కనిపిస్తే మీ డంప్‌కు విలువ ఉన్నట్టు. తేడా లేకపోతే అవతలివాళ్లు మిమ్మల్ని లెక్కలోకే తీసుకోవడం లేదు, లేదా మీ వీడియో చూసి డంప్ పనిని ఒక డిఫెండర్‌కే అప్పగించి మిడిల్‌ను వదిలేశారు. అప్పుడు వేసే చోటు మార్చాలి, లేదా ఆ మ్యాచ్‌కు మానేయాలి.

స్కోరు సంగతి. సెట్ మొదట్లో వేసిన డంప్ మిగతా సెట్ అంతా పనిచేస్తుంది. 23–23 దగ్గర మొదటిసారి వేసిన డంప్ పడితే హీరో, పడకపోతే ఆ తర్వాతి మ్యాచ్ బెంచి మీద. ఒత్తిడిలో ఉన్న సెట్టర్‌కు డంప్ మీదికి మనసు పోతుంది, ఎందుకంటే బంతి తన చేతిలోనే ఉంటుంది, ఇంకొకరిని నమ్మాల్సిన పని లేదు. సరిగ్గా ఆ క్షణాన్నే అవతలి కోచ్ ఎదురుచూస్తుంటాడు. టైమ్‌అవుట్ అయిన వెంటనే వచ్చే మొదటి బంతి కూడా అలాంటిదే. ఆ రెండు చోట్లా అలవాటుగా వేయకండి. ఎప్పుడో ఒకసారి వేస్తే మాత్రం అది అప్పటిదాకా దాచుకున్నదై ఉండాలి. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్‌లో సెట్ 15 పాయింట్లకే అయిపోతుంది, సూపర్ పాయింట్ పిలిస్తే ఒక్క ర్యాలీకి రెండు పాయింట్లు. 25 పాయింట్ల సెట్‌లో సర్దుకునే తప్పు అక్కడ సర్దుకోదు. హైదరాబాద్ బ్లాక్ హాక్స్ మ్యాచ్‌లు చూసేటప్పుడు బంతిని వదిలేసి ఒక సెట్ అంతా అవతలి మిడిల్ బ్లాకర్ పాదాలను మాత్రమే చూడండి. ఏ సెట్టర్ అతన్ని ఆపుతున్నాడో, ఎవరు ఆపలేకపోతున్నారో తెలిసిపోతుంది. 2023లో టైటిల్ గెలిచిన అహ్మదాబాద్ డిఫెండర్స్ సెట్టర్ ముత్తుసామి అప్పావు ఆటను కూడా అలాగే చూడమంటాను.

స్పైకర్లతో ముందే మాట్లాడండి

డిపార్ట్‌మెంట్ టీమ్‌లలో ఇది ఆటకన్నా సున్నితమైన విషయం. స్పైకర్ మీకన్నా పదేళ్లు సీనియర్ కావచ్చు, ఆఫీసులో మీ పై హోదాలో ఉండొచ్చు. అతను పూర్తి రన్‌అప్ తీసుకుని గాలిలోకి లేచి ఉంటాడు, మీరు డంప్ వేస్తారు. ఒకసారైతే నవ్వుతాడు. మూడుసార్లైతే నాలుగోసారి సగం వేగంతో లేస్తాడు. సగం వేగంతో లేచే స్పైకర్ ఏ బ్లాకర్‌నూ మోసం చేయలేడు, అప్పుడు మీ డంప్‌కూ విలువ పోతుంది. అతని పాయింట్లు అతని సెలెక్షన్‌కు, అవార్డులకు లెక్కకొస్తాయన్నది కూడా మరిచిపోకండి. మీరు తీసుకున్న ప్రతి చక్కటి పాస్ అతని ఖాతాలోంచి తీసుకున్నదే.

అడగకుండా వేయకండి. మ్యాచ్ ముందు ఒక మాట చాలు: "అన్నా, మనం నెట్ దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు వాళ్ల మిడిల్ ముందే నీ మీదికి వస్తున్నాడు. మొదట్లో ఒకటి నేను వేసి చూపిస్తా. ఆ తర్వాత బంతి నీకే." అతను ఒప్పుకుంటాడు, ఎందుకంటే లాభం అతనిది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. డంప్ పడ్డాక ఊపులో రెండోది కూడా వేస్తే ఆ తర్వాత మీ మాటకు విలువ ఉండదు. డంప్ విఫలమైతే స్పైకర్ వైపు తిరిగి చేయెత్తి ఒప్పుకోండి. వాదించడం, పాస్ బాలేదని లిబరో వైపు చూడటం టీమ్‌ను లోపలి నుంచి తినేస్తాయి. కోచ్‌తో కూడా లెక్క ముందే కుదుర్చుకోండి: సెట్‌కు ఎన్ని, ఏ రొటేషన్‌లో, ఏ స్కోరు తర్వాత వద్దు. కోచ్ ఒప్పుకున్న డంప్ తప్పితే అది టీమ్ తీసుకున్న నిర్ణయం. ఒప్పుకోనిది తప్పితే మొత్తం మీ నెత్తినే.

డంప్ తర్వాత ఏం జరుగుతుందో కూడా ముందే మాట్లాడుకోవాలి. మీ మిడిల్, అవుట్‌సైడ్ ఇద్దరూ గాలిలో ఉంటారు. అవతలి బ్లాకర్ మీ డంప్‌ను కిందికి కొట్టేస్తే మీ వెనక మనిషి ఉండడు. మీరు ఎగిరిన ప్రతిసారీ యూనివర్సల్, లిబరో ఒక అడుగు ముందుకు రావాలని కుదుర్చుకోండి. అవతలివాళ్లు బంతి లేపితే మీరు వెంటనే 2వ స్థానంలో బ్లాక్‌కు చేరాలి. డంప్ వేసి బంతి పడిందా లేదా అని చూస్తూ నిలబడే సెట్టర్ పక్క నుంచే అవతలి అవుట్‌సైడ్ లైన్ మీద కొడతాడు.

మూడో బంతి కూడా మీదే కావచ్చు

సెట్టర్ అటాక్ అంటే రెండో బంతి మాత్రమే కాదు. ముందు వరుసలో ఉన్నప్పుడు మొదటి టచ్ మీదే అయితే, లిబరో త్రీ మీటర్ లైన్ వెనక నుంచి వేళ్లతో సెట్ చేస్తాడు. అప్పుడు 2వ స్థానంలో మీరు మామూలు స్పైకర్. లిబరో లైన్ ముందుకు వచ్చి వేళ్లతో సెట్ చేసిన బంతిని నెట్ పైన కొడితే ఫాల్ట్ అన్నది ఇద్దరికీ గుర్తుండాలి. చాలామంది సెట్టర్లు ఈ అవకాశం వచ్చినప్పుడు పక్కకు తప్పుకుంటారు, ఎందుకంటే కొట్టడం ఏళ్ల క్రితమే మానేశారు. వారానికి రెండు సెషన్లు స్పైకింగ్ లైన్‌లో నిలబడండి. భుజాన్ని నెమ్మదిగా అలవాటు చేయండి. కొట్టని భుజంతో టోర్నమెంట్ మధ్యలో పూర్తి బలంతో కొడితే నొప్పి మొదలై సెట్టింగ్‌నూ చెడగొడుతుంది.

దీనివల్ల మీ ఆట జీవితం కూడా పొడుగవుతుంది. 6–2 ఆడే టీమ్‌లకు ముందు వరుసకు వచ్చినప్పుడు కొట్టగల సెట్టర్లు కావాలి. క్యూబాకు సెట్ చేస్తూ కొడుతూ ఆడిన తైస్మారి అగ్వెరో 1996, 2000 ఒలింపిక్స్ స్వర్ణాలు గెలిచింది. ఆ తర్వాత ఇటలీకి వెళ్లి అటాకర్‌గా 2007 వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో ఆడింది. మన స్థాయిలో అంత పెద్ద మలుపు ఉండకపోవచ్చు. కానీ స్క్వాడ్‌లో 12 మందిని, 14 మందిని ఎంపిక చేసేటప్పుడు సెట్ చేయగల, అవసరమైతే కొట్టగల మనిషి పేరు మీద కోచ్ పెన్ను ఆగుతుంది.

ట్రయల్ రోజు

ఉద్యోగం కోసం ట్రయల్‌కు వెళ్లేవాళ్లకు. రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లలో ట్రయల్‌కు 40 మార్కులు, గుర్తింపు ఉన్న టోర్నమెంట్ల విజయాలకు 50, చదువుకు 10. ట్రయల్‌లో కనీసం 25 రాకపోతే మిగతా కాగితాలు చూడనే చూడరు. ఏ సంస్థకు వెళ్తున్నా ఆ సంవత్సరం నోటిఫికేషన్ పూర్తిగా చదవండి, లెక్కలు మారుతుంటాయి.

ట్రయల్‌లో మీకు కొత్త స్పైకర్లు ఉంటారు, వాళ్లకూ ఉద్యోగం కావాలి. వార్మప్‌లోనే ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి ఎంత ఎత్తు, నెట్‌కు ఎంత దూరం కావాలో అడగండి. మొదటి బంతులన్నీ వాళ్లకే ఇవ్వండి. సెలెక్టర్ ముందు చూసేది మీ సెట్ ఎంత నిలకడగా ఉందన్నదే. ఐదు డంప్‌లు వేసి ఆకట్టుకోవాలని చూసేవాళ్లను సెలెక్టర్లు చాలామందిని చూశారు. ముందు వరుసలో ఉన్నప్పుడు, పాస్ నెట్ దగ్గరికి చక్కగా వచ్చినప్పుడు ఒకటి వేయండి, వీలైతే లోతుగా. ఆ వెంటనే వచ్చే మంచి పాస్‌ను అదే ఎగురుడుతో, అదే చేతులతో మిడిల్‌కు క్విక్‌గా ఇవ్వండి. అవతలి మిడిల్ బ్లాకర్ నేల మీదే ఉండిపోతే సెలెక్టర్ ఆ రెండు బంతులనూ కలిపి రాసుకుంటాడు.